వాకింగ్ వేరు, నడక వేరు: కుర్రకారు కదలికను ప్రశ్నలతో కొలిస్తే

"వాకింగ్ చేస్తావా తమ్ముడూ?"

"లేదన్నా. టైమెక్కడ ఉంటుంది?"

ఈ జవాబిచ్చే కుర్రాడు ఏ కాలేజీలోనైనా కనిపిస్తాడు. హాస్టల్ నుంచి బస్టాపుకు పదిహేను నిమిషాలు నడుస్తాడు. బస్సు దిగాక గేటు నుంచి తన బ్లాకు దాకా ఇంకో పది నిమిషాలు. సాయంత్రం మళ్లీ అంతే. ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. తెలుగులో వాకింగ్ అంటే పొద్దున్నే బూట్లు వేసుకుని పార్కులో చేసేది. బస్టాపుకు నడవడాన్ని ఎవరూ వాకింగ్ అనరు, అది ఉత్త 'వెళ్లడం'. అడిగినవాడు మాత్రం నడక గడిలో సున్నా వేసుకుని తర్వాతి ప్రశ్నకు పోతాడు. నిజానికి ఈ కుర్రాడు ఐదు రోజుల్లో 250 నిమిషాలు నడిచాడు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

ఇలాంటి గడులన్నీ కూడితేనే పెద్ద పెద్ద అంకెలు పుడతాయి. 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి భారతదేశంలో వయోజనుల్లో సుమారు 49 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. స్త్రీలలో 57 శాతం, పురుషుల్లో 42 శాతం. 2000లో మొత్తం మీద ఇది 22 శాతం దగ్గర ఉండేది. 'సగం దేశం బద్ధకం' అన్న ధోరణిలో చర్చలు నడిచాయి. ఆ లెక్కకు ఆధారం 163 దేశాల్లో జరిగిన 507 సర్వేలు. అవన్నీ జనాన్ని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకున్న సర్వేలే. అంటే ఆ 49 శాతం వెనక ఉన్నది జనం నోటి మాట. అందుకని దాన్ని కొట్టిపారేయాలని కాదు, అది ఎలా తయారైందో తెలిసి చదవాలి.

ఎవరెంత కదులుతున్నారో, దానికీ ఆరోగ్యానికీ సంబంధమేమిటో చూసే ఈ రంగం మొదలైనప్పుడు ప్రశ్నావళితో పని పడలేదు. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సుల్లో రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లనూ, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లనూ పోల్చి చూసింది. డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. ఎవరు ఎంత కదులుతున్నారో ఉద్యోగం పేరే చెప్పేసింది. 1960ల్లో హార్వర్డ్ పూర్వ విద్యార్థులను పాఫెన్‌బార్గర్ అనే పరిశోధకుడు ఉత్తరాల ద్వారా అడిగాడు: రోజుకు ఎన్ని మెట్లు ఎక్కుతారు, ఎన్ని వీధులు నడుస్తారు, ఏ ఆటలు ఆడతారు అని. అక్కడి నుంచి ప్రశ్నావళులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఎవరి ప్రశ్నలు వారివి కావడంతో ఒక దేశం అంకెను ఇంకో దేశం అంకెతో పోల్చే వీలు లేకపోయింది. ఆ చిక్కు విప్పడానికి 1998లో జెనీవాలో కూర్చున్న నిపుణులు ఐప్యాక్ అనే అంతర్జాతీయ ప్రశ్నావళికి రూపం ఇచ్చారు. 2000లో 12 దేశాల్లో పరీక్షించి, 2003లో ఫలితాలు అచ్చువేశారు. 15 నుంచి 69 ఏళ్లవారికి ఉద్దేశించిన దీని పొట్టి రూపంలో ఉన్నవి ఏడే ప్రశ్నలు. ఫిజియోథెరపీ, ప్రజారోగ్యం చదివేవాళ్లు థీసిస్ కోసం వాట్సాప్ గ్రూపుల్లో 'ప్లీజ్, రెండు నిమిషాలే' అంటూ పంపే ఫారాల్లో తరచూ కనిపించేది ఇదే.

ఆ ఏడు ప్రశ్నలూ గత ఏడు రోజుల గురించి. గట్టి శ్రమ ఎన్ని రోజులు చేశారు, అలాంటి రోజున మామూలుగా ఎంతసేపు? ఓ మోస్తరు శ్రమ ఎన్ని రోజులు, ఎంతసేపు? నడక ఎన్ని రోజులు, ఎంతసేపు? చివరిది, రోజుకు ఎంతసేపు కూర్చుంటారు? ఒక్కసారికి కనీసం పది నిమిషాలు చేసినవే లెక్కలోకి వస్తాయి. జవాబులను 'మెట్' అనే కొలతలోకి మారుస్తారు. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తిని 1 మెట్ అనుకుంటే, నడక 3.3, ఓ మోస్తరు శ్రమ 4, గట్టి శ్రమ 8. నిమిషాలను రోజులతోనూ మెట్‌తోనూ హెచ్చవేస్తే వారం మొత్తం వస్తుంది.

ఒక కుర్రాణ్ణి తీసుకుని లెక్క చేసి చూద్దాం. బీటెక్ మూడో ఏడు. వారానికి మూడు రోజులు జిమ్, గంట చొప్పున. ఆదివారం మూడు గంటలు క్రికెట్. ఐదు రోజులు కాలేజీకి రానూపోనూ కలిపి నలభై నిమిషాల నడక. ఇదంతా అతను చెప్పిందే. జిమ్మూ క్రికెట్టూ రెండూ గట్టి శ్రమే అన్నాడు. ఇక్కడే మొదటి ఇరకాటం వస్తుంది. నాలుగు రోజులు గట్టి శ్రమ అన్నావు సరే, అలాంటి రోజున మామూలుగా ఎంతసేపు అని ఫారం అడుగుతుంది. జిమ్ రోజు గంట, క్రికెట్ రోజు మూడు గంటలు. ఇందులో 'మామూలు' ఏది? సరాసరి కట్టి గంటన్నర అని చెప్పేవాళ్లు అరుదు. 'గంట' అంటే 4 × 60 × 8, అంటే 1920. 'రెండు గంటలు' అంటే 3840. ఒక్క మాట తేడాతో అంకె రెట్టింపైంది.

సరే, అతను బుద్ధిగా గంటన్నరే చెప్పాడనుకుందాం. గట్టి శ్రమ 2880, నడక 5 × 40 × 3.3 చొప్పున 660, మొత్తం 3540. మూడు రోజులకు తగ్గకుండా గట్టి శ్రమ ఉండి, వారం మొత్తం 1500 దాటితే ఐప్యాక్ 'అధిక' తరగతిలో వేస్తుంది. మనవాడు దర్జాగా అందులో చేరిపోయాడు.

ఇప్పుడు జిమ్ దగ్గర నిలబడి చూద్దాం. గంటలో ఇరవై నిమిషాలు సెట్‌కూ సెట్‌కూ మధ్య ఫోన్ చూడటం, అద్దం ముందు ఫొటో, బెంచీ ఖాళీ కావడం కోసం ఎదురుచూపు. మిగిలింది నలభై నిమిషాలు. ఒక్కో పనికి ఎంత శక్తి పడుతుందో చెప్పే పట్టిక ఒకటుంది. 1993లో మొదట అచ్చయి, తర్వాత పలుమార్లు సవరించిన ఆ పట్టిక 2011 కూర్పులో మామూలు బరువుల వ్యాయామానికి 3.5 మెట్లే ఇచ్చారు, క్రికెట్‌కు 4.8. రెండూ ఓ మోస్తరు కిందకే వస్తాయి. ఇక ఆదివారం మూడు గంటల్లో సగం సేపు మనవాడి జట్టు బ్యాటింగ్, అతను ఏడో నంబర్ బ్యాట్స్‌మన్, అంటే చెట్టుకింద కూర్చుని స్కోరు రాయడం. ఆడింది గంటన్నర అనుకుందాం. నడక గడియారం పెట్టి చూస్తే నలభై కాదు, పాతిక నిమిషాలే. మళ్లీ కూడితే జిమ్ 420, క్రికెట్ 432, నడక 412. మొత్తం 1264. చెప్పిన లెక్కలో మూడో వంతుకు కాస్త పైన. ఇప్పుడతను 'మధ్యస్థ' తరగతి. ఇన్ని కోతలు వేసినా కనీస శ్రమ హద్దు దాటే ఉన్నాడు, బద్ధకస్తుడు కాదు. కానీ అధ్యయనం పట్టికలో అతని పేరు ఎక్కాల్సిన గడి మారిపోయింది.

ఇది కల్పించుకున్న ఉదాహరణే అయినా, అసలు అధ్యయనాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఐప్యాక్ పొట్టి రూపాన్ని పరికరాలతో పోల్చిన పరిశోధనలను 2011లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, చెప్పుకున్న శ్రమ కొలిచిన శ్రమ కంటే సగటున 84 శాతం ఎక్కువగా తేలింది. అమెరికా జాతీయ సర్వేలో భాగంగా 2003–04లో జనం నడుముకు యాక్సిలరోమీటర్లు, అంటే కదలికను కొలిచే చిన్న పరికరాలు, కట్టి చూస్తే, సిఫార్సు చేసినంత శ్రమ చేస్తున్న పెద్దవాళ్లు 5 శాతం కూడా లేరు. నోటిమాటగా అడిగినప్పుడు వచ్చిన శాతం దానికి ఎన్నో రెట్లు.

ఇక్కడ రెండు విషయాలను వేరు చేసి చూడాలి. ఒకే మనిషిని వారం తేడాతో రెండుసార్లు అడిగితే ఒకేలా చెబుతాడా అన్నది నిలకడ. చెప్పింది నిజానికి దగ్గరగా ఉందా అన్నది ఖచ్చితత్వం. రెండింటినీ కొలిచే అంకె 1కి దగ్గరైన కొద్దీ మేలు, సున్నాకు దగ్గరైతే పొంతన లేనట్టే. 12 దేశాల పరీక్షలో ఐప్యాక్ నిలకడ 0.8 దగ్గర ఉంది, చాలా బాగుంది. యాక్సిలరోమీటర్‌తో పోలిక మాత్రం 0.3 దగ్గరే ఆగింది. థీసిసుల్లో తరచూ మొదటి అంకె ఒక్కటే రాసి 'ఈ ప్రశ్నావళి ప్రామాణికమైనది' అని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. తన గురించి తనకున్న అభిప్రాయాన్ని మనిషి ప్రతిసారీ ఒకేలా చెప్పగలడు. అభిప్రాయం నిలకడగా ఉన్నంత మాత్రాన అది కొలత అయిపోదు.

అభిప్రాయం అనే మాట ఊరికే వాడలేదు. పోయిన వారం చేసినవన్నీ గుర్తు తెచ్చుకుని, కూడి, భాగించి జవాబు చెప్పే ఓపిక ఎవరికుంది? 'నేను జిమ్‌కు వెళ్లే మనిషిని' అన్న భావన ముందు పలుకుతుంది, నిమిషాలు తర్వాత. 2014లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో కాలేజీ విద్యార్థులను కొందరిని మామూలు సర్వే పద్ధతిలో వ్యాయామం గురించి అడిగారు. ఇంకొందరిని ఏ రోజు ఏం చేసిందీ అప్పటికప్పుడు ఫోన్ మెసేజ్‌లో పంపమన్నారు. తర్వాత క్యాంపస్ జిమ్ రికార్డులతో సరిచూశారు. ఎక్కువ చేసి చెప్పింది సర్వే ప్రశ్నకు జవాబిచ్చినవాళ్లే. మెసేజ్ పంపేవాడు ఆ రోజు ఏం చేశాడో చెబుతున్నాడు. సర్వే నింపేవాడు తానెలాంటివాడో చెబుతున్నాడు.

పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వయసులో ఈ తేడా ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఆ వయసులో 'మామూలు వారం' అంటూ ఒకటి ఉండదు. సెమిస్టర్ పరీక్షల ముందు వారం గది దాటని కుర్రాడే, ఫెస్ట్ వారంలో మూడు రోజులు డాన్స్ ప్రాక్టీస్ చేస్తాడు. సంక్రాంతికి ఊరెళ్తే ఒక లెక్క, సప్లీలు మిగిలితే ఇంకో లెక్క. గత ఏడు రోజులు అడిగితే ఫలితం సర్వే తేదీని బట్టి ఊగుతుంది. మామూలు వారం అడిగితే కుర్రాడు తనకు నచ్చిన వారాన్ని ఎంచుకుంటాడు. ఆ వయసులోనే కూలికి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఐప్యాక్ నియమాల ప్రకారం ఒక్కో రకం శ్రమ రోజుకు 180 నిమిషాలకు మించితే దాన్ని 180కి కత్తిరిస్తారు. అతిగా చెప్పేవాళ్లను అదుపు చేయడానికి పెట్టిన ఈ కత్తెర, ఎనిమిది గంటలు ఇటుకలు మోసిన కుర్రాడి పనిని కూడా మూడు గంటలు చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది భాషతో. ఐప్యాక్ ఇంగ్లిష్ మూలంలో ఓ మోస్తరు శ్రమకు ఇచ్చిన ఉదాహరణల్లో డబుల్స్ టెన్నిస్ ఒకటి. స్థానిక ఉదాహరణలు పెట్టుకోవచ్చని దాన్ని తయారుచేసినవాళ్లే అన్నారు, అయినా యథాతథంగా దించేసిన అనువాదాలు తిరుగుతూనే ఉంటాయి. ఉదాహరణలు మార్చడం తేలికే. మాటలతోనే కష్టం. ఊపిరి మామూలు కంటే బాగా ఎక్కువయ్యే పని గురించి అడగాల్సిన చోట 'ఆయాసం వచ్చే పనులు' అని రాస్తే, వినేవాడికి ఆయాసం అంటే జబ్బు. "నాకలాంటిదేం లేదండీ" అంటాడు. 'రొప్పు వచ్చేంతగా' అంటే పరుగు గుర్తొస్తుంది. 'మీ పనిలో భాగంగా' అని అడిగితే విద్యార్థి "నేనింకా పని చేయట్లేదు, చదువుకుంటున్నా" అంటాడు. 'ఖాళీ సమయంలో' అని గ్రూప్స్‌కు చదువుకుంటున్నవాణ్ణి అడిగి చూడండి. ఖాళీగా ఉన్నావా అన్న మాట ఇంట్లో ఎన్నిసార్లు పడ్డాడో ముఖంలో తెలుస్తుంది. ఇక పది నిమిషాల హద్దు సంగతి. 'పది నిమిషాల్లో వస్తా' అని బయల్దేరి ముప్పావుగంటకు వచ్చే భాషలో పది నిమిషాలు అంటే కొంచెంసేపు, అంతే. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హద్దును తన సూచనల్లోంచి తీసేసింది, ఎంత కొద్దిసేపు కదిలినా మేలే అంది. దానికి ముందు తయారైన ప్రశ్నావళుల్లో మాత్రం ఆ హద్దు అలాగే కూర్చుంది, మూడో అంతస్తు మెట్లను బయటే ఉంచి.

ఆడపిల్లల దగ్గర ఈ మాటల ఇబ్బంది తిరగబడుతుంది. డిగ్రీ చదువుతూ ఇంట్లో ఉండే అమ్మాయిని అడిగితే "నేనేం చేయనండీ, ఇంట్లోనే ఉంటా" అంటుంది. పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్లు మోసి, బట్టలు ఉతికి వచ్చాకే ఆ మాట చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే జీప్యాక్ అనే 16 ప్రశ్నల పత్రంలో 'పని' అంటే జీతం వచ్చేదీ రానిదీ, చదువూ, ఇంటి చాకిరీ అన్నీ కలిపే అని స్పష్టంగా ఉంటుంది. ఆ ముందుమాటను సర్వే చేసేవాళ్లు నిదానంగా చదివి వినిపిస్తే ఒక జవాబు వస్తుంది, గబగబా దాటేస్తే వేరే జవాబు. స్త్రీలు 57, పురుషులు 42 అన్న తేడాలో నిజంగా కదలని వాటా ఎంత, 'అదీ ఒక శ్రమేనా' అనుకుని చెప్పని వాటా ఎంత అన్నది ఆ శాతాల్లోంచి బయటకు లాగలేం.

చాలామంది పట్టించుకోని సమస్య ఇదే. అందరూ ఒకే మోతాదులో పెంచి చెబితే పెద్ద నష్టం లేదు. కాటా అందరికీ వంద గ్రాములు ఎక్కువ చూపిస్తే ఎవరి సంచి బరువో తెలుస్తూనే ఉంటుంది. కానీ జిమ్ కుర్రాడు పెంచి చెప్పి, ఇంట్లో అమ్మాయి తగ్గించి చెప్పి, బస్టాపుకు నడిచేవాడు అసలు చెప్పకుండా వదిలేస్తే, ఒక వర్గాన్ని ఇంకో వర్గంతో పోల్చడమే వంకరపోతుంది. పోల్చడానికేగా సర్వే చేసింది.

మన దగ్గర ఈ సంగతి గుర్తించినవాళ్లు లేకపోలేదు. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో మధుమేహంపై జరిగిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం జీప్యాక్‌తో అడిగినప్పుడు, 2014లో వచ్చిన ఫలితాల్లో 54 శాతం మంది శ్రమ లేనివారుగా తేలారు. తీరిక వేళల్లో ఆటలో వ్యాయామమో చేసేవాళ్లు పది శాతం లోపే. అంటే జిమ్, జాగింగ్ చుట్టూ అల్లిన ప్రశ్నలు ఇక్కడ పదిమందిలో తొమ్మిదిమందికి వర్తించవు. చేసే కదలికంతా పనిలోనూ ప్రయాణంలోనూ ఉంది. అదే పరిశోధకులు కొందరు తర్వాత భారతీయుల రోజుకు తగ్గట్టు చెన్నైలో ఎంప్యాక్ అనే వేరే ప్రశ్నావళి తయారుచేసి, యాక్సిలరోమీటర్లతో సరిచూశారు. అంతకుముందే లక్నో, నాగ్‌పూర్, హైదరాబాద్, బెంగళూరుల్లో ఫ్యాక్టరీ పనికి వలస వచ్చినవాళ్లనూ, ఊళ్లో ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులనూ పోల్చిన అధ్యయనం కూడా సొంత ప్రశ్నావళి రాసుకుంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాలను తీసుకుని, వాటిలో దాదాపు సగం ఊళ్లలో 1987–90 మధ్య గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం పెట్టిన పరిశోధన ఒకటుంది. ఆ ఊళ్లన్నిటి పిల్లలే పెద్దవాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని వాళ్ల తిండి, ఆరోగ్యం, శారీరక శ్రమ గురించి అడిగారు. నాట్లు, కలుపుతీతల కాలంలో ఒకలా, ఎండాకాలంలో మరోలా ఉండే ఊళ్లలో వారం లెక్క ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించక తప్పదు.

ఇంత గొడవ ఎందుకు, అందరి చేతికీ ఒక పరికరం కట్టేస్తే పోదా అనిపిస్తుంది. నడుముకు కట్టిన యాక్సిలరోమీటర్ సైకిల్ తొక్కడాన్ని సరిగా పట్టుకోలేదు. గ్యాస్ సిలిండర్ మోస్తూ మెట్లెక్కినా, ఉత్త చేతులతో ఎక్కినా దానికి ఒకటే. ఈతకు దిగితే చాలాచోట్ల తీసి ఒడ్డున పెట్టాల్సిందే. ఫోన్‌లోని అడుగుల లెక్క మ్యాచ్ ఆడుతున్నంతసేపూ బౌండరీ అవతల సంచిలో నిద్రపోతుంది. పైగా నడుముకు ఏదో కట్టారని తెలిసిన వారం మనిషి కాస్త ఎక్కువే నడుస్తాడు. అన్నిటికీ మించి, ఎంత కదిలాడో పరికరం చెబుతుంది గానీ ఎందుకు కదిలాడో చెప్పదు. బస్సు తప్పి పరిగెత్తాడా, సరదాగా పరిగెత్తాడా అన్నది ప్రశ్నకే దక్కుతుంది. ప్రభుత్వం ఫుట్‌పాత్ వేయాలా, ఆటస్థలం కట్టాలా తేల్చుకోవడానికి కావలసింది ఆ జవాబే.

కాబట్టి ప్రశ్నావళికి చేతనైన పని అప్పగించాలి. వేలమందిని అడిగి ఏ రకం కదలిక ఎక్కడ ఉందో చూడటానికి అది సరిపోతుంది. ముప్పైమంది విద్యార్థులకు నెల రోజులు జుంబా నేర్పించి, ముందూ వెనకా అదే ఫారం నింపించి, నిమిషాలు పెరిగాయని చెప్పడానికి సరిపోదు. నెల రోజులు వ్యాయామం గురించి విన్నవాళ్లు మళ్లీ ఫారం వస్తే ఎక్కువే రాస్తారు. పెద్ద సర్వేల్లో కూడా కొందరికైనా పరికరం కట్టి తేడా ఎటువైపు ఎంత ఉందో చూసుకుంటే, మిగతావాళ్ల జవాబులను ఎంత నమ్మాలో తెలుస్తుంది. సగటుకు బదులు మధ్యగతం, అంటే జవాబులను వరసగా పేర్చితే నడిమధ్యన పడే అంకె, ఇవ్వాలని ఐప్యాక్ నియమాలే చెబుతాయి. రోజుకు ఐదు గంటలు జిమ్ చేస్తానన్న నలుగురు చాలు, క్లాసు మొత్తం సగటును లాక్కుపోవడానికి.

అడిగే తీరు మార్చినా చాలా తేడా వస్తుంది. వారం మొత్తాన్ని ఒక్క అంకెలో చెప్పమనే బదులు నిన్నటి రోజును పొద్దున నుంచి వరసగా చెప్పించే పద్ధతి ఉంది. నిన్నటి దినం ఇంకా చెదిరిపోలేదు కాబట్టి నిమిషాలు ఊహించాల్సిన పని తక్కువ. వేర్వేరు రోజుల్లో మూడు నాలుగు సార్లు అడగాల్సి వస్తుంది, శ్రమ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. కానీ 'వ్యాయామం', 'శ్రమ', 'వాకింగ్' లాంటి మాటలు అసలు నోట్లోంచి రానక్కర్లేదు.

"నిన్న ఎన్నింటికి లేచావు తమ్ముడూ?"

"ఏడున్నరకి అన్నా."

"కాలేజీకి ఎలా వెళ్లావు?"

"బస్సులో."

"బస్టాపు దాకా?"

"బస్టాపు దాకానా? నడిచే వెళ్లా. అది కూడా రాసుకుంటారా?"